కోతకు గురయ్యే సముద్ర తీరంలో ఇల్లు: కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ సమగ్ర మార్గదర్శి

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఏడుకొండల జిల్లాకు సముద్రం కూడా వచ్చింది. అంతకు ముందు నెల్లూరులో ఉన్న వాకాడు, సూళ్లూరుపేట, తడ మండలాలు తిరుపతి జిల్లాలో చేరాయి. అప్పటి నుంచి తిరుపతిలో స్థలాలు చూపించే ప్రతి మధ్యవర్తి దగ్గరా తూపిలిపాళెం, దుగరాజపట్నం వైపు ఒకటో రెండో ‘బీచ్ ప్లాట్లు’ ఉంటున్నాయి. కొండ కింద పెరిగిన మనకు స్థలం అంటే కదలనిది. ఒడ్డున ఉన్న స్థలం అలా కాదు. 2021 నవంబరు వరదలో తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయి ఇల్లు నదిలోకి ఒరగడం చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. నది ఆ పని ఒక్క రోజులో చేస్తుంది, సముద్రం ఏళ్ల తరబడి చేస్తుంది.

అందుకే ఇక్కడ ఇంటిని గజాల లెక్కన కాకుండా, అది ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందన్న లెక్కన కొనాలి. ముందు ఆ ఏళ్లు తేల్చుకోండి. కాగితాలు తర్వాత చూడొచ్చు.

మొదటి అడుగు: ఒడ్డు ఏ వేగంతో వెనక్కి వస్తోందో కొలవడం

సముద్రం పక్కన ఉన్న ప్రతి స్థలమూ మునిగిపోయేది కాదు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలతో చేసిన లెక్క ప్రకారం ఆంధ్ర తీరం 1,027.58 కిలోమీటర్లలో 294.89 కిలోమీటర్లు, అంటే 28.7 శాతం, కోతకు గురవుతోంది. 509.33 కిలోమీటర్ల మేర ఇసుక మేటవేసి భూమి పెరుగుతోంది. మిగతా 223.36 కిలోమీటర్లు స్థిరంగా ఉంది. ఈ మూడింటిలో మీరు చూస్తున్న అర కిలోమీటరు దేనిలో ఉందో తేల్చుకోవాలి. జిల్లా సగటు, రాష్ట్ర సగటు ఇక్కడ అక్కరకు రావు.

కొలిచే పద్ధతి ఇది. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకోండి, డబ్బు కట్టనక్కర్లేదు. అందులో పాత చిత్రాలు చూపే గడియారం గుర్తు ఉంటుంది. ఇంటి దగ్గర కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి: గుడి, తుపాను షెల్టరు, లైట్‌హౌస్, రోడ్డు మలుపు. ఆ గుర్తు నుంచి ఇసుక దిబ్బ మీద పచ్చదనం మొదలయ్యే గీత దాకా స్కేలుతో కొలవండి. నీటి గీత దాకా కొలిచేవాళ్లంతా పప్పులో కాలేసినట్టే. ఈ తీరంలో పెద్ద పోటుకూ పాటుకూ నీటిమట్టంలో సుమారు మీటరు తేడా ఉంటుంది. ఒడ్డు వాలు 20 మీటర్లకు ఒక మీటరు అనుకుంటే, ఉదయం తీసిన చిత్రంలో ఉన్న నీళ్లు సాయంత్రం చిత్రంలో 20 మీటర్లు అవతల ఉంటాయి. దాన్ని కోత అనుకోవచ్చు, లేదా అసలు కోతను చూడకుండా పోవచ్చు. మొక్కల గీత పోటుతో కదలదు.

కనీసం 15 ఏళ్ల చిత్రాలు తీసుకోండి. ఒకే కాలానివి పోల్చండి. మార్చి చిత్రాన్ని మార్చి చిత్రంతోనే పోల్చాలి. ఈశాన్య రుతుపవనాల అలలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇసుకను సముద్రంలోకి లాగేస్తాయి, ఆ తర్వాతి నెలల్లో కొంత తిరిగి చేరుతుంది. మూడు నాలుగు చోట్ల కొలిచి, ప్రతి కొలతా తేదీతో రాసుకోండి. రెండు అంకెలు కావాలి: మొత్తం మీద ఏడాదికి సగటున ఎంత వెనక్కి వచ్చింది, ఒక్క సీజన్‌లో ఎక్కువలో ఎక్కువ ఎంత పోయింది. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఇల్లు పడేది మాత్రం ఎక్కువగా దాని వల్లే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటి గోడ నుంచి మొక్కల గీత 60 మీటర్లు. 15 ఏళ్లలో 36 మీటర్లు పోయింది, అంటే ఏడాదికి 2.4 మీటర్లు. ఒకే తుపాను కాలంలో 20 మీటర్లు పోయిన చిత్రం ఉంది. 60లోంచి ఆ 20 తీసేయండి. పునాది కింద ఇసుక వదులు కాకుండా ఇంకో 10 తీసేయండి. మిగిలింది 30. దాన్ని 2.4తో భాగిస్తే పన్నెండున్నర ఏళ్లు. బ్యాంకు అప్పు 20 ఏళ్లది. ఇల్లు పోయాక ఏడున్నరేళ్లు కంతులు కట్టాలన్నమాట. మా లెక్కలో, వచ్చిన ఏళ్లు అప్పు కాలానికి రెట్టింపు లేకపోతే ఆ ఇంటి మీద అప్పు చేయకూడదు.

ఈ లెక్క పనిచేయని చోట్లు రెండున్నాయి. ఒకటి, నదీ ముఖాలు, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే మొగలు. రాయదొరువు, స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటు ఇలాంటివి. మొగ ఇసుకతో పూడుతుంది, మళ్లీ తెగుతుంది, పక్కకు జరుగుతుంది. అక్కడ పాత సగటు పట్టుకుని రేపటి సంగతి చెప్పలేం. అలాంటి మొగకు కిలోమీటరు లోపల ఉన్న ఇంటి జోలికి పోకపోవడమే మేలు.

రెండోది ఓడరేవు. తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి అడ్డంగా రాళ్ల కట్ట వేస్తే దక్షిణాన ఇసుక ఆగి మేట వేస్తుంది, ఉత్తరాన ఇసుక అందక కోత పడుతుంది. చెన్నై హార్బరు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు తరిగింది. దుగరాజపట్నం దగ్గర పెద్ద ఓడరేవు అన్న మాట 2014 పునర్విభజన చట్టంలోనే ఉంది. మధ్యవర్తులు ఆ మాటతోనే ధర పెంచుతారు. పోర్టు వస్తుందా రాదా అన్నది వాళ్లకు వదిలేసి, మీరు ఒకటే అడగండి: వస్తే ఈ స్థలం కట్టకు ఏ వైపు? ఉత్తరమైతే ఆ ‘అభివృద్ధి’ మీ ఇంటి కింది ఇసుకనే తీసుకెళ్తుంది.

రెండో అడుగు: రెండుసార్లు వెళ్లి చూడటం

అమ్మేవాళ్లు మార్చి, ఏప్రిల్‌లో చూపిస్తారు. అప్పుడు ఒడ్డు వెడల్పుగా, అందంగా ఉంటుంది. మీరు కార్తీకంలో అమావాస్యకో పున్నానికో, పెద్ద పోటు వేళ మళ్లీ వెళ్లండి. ఇవి వెతకండి:

దిబ్బ అంచు వాలుగా ఉంటే మంచిదే. కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా ఉండి, సరుగుడు వేళ్లు గాలిలో వేలాడుతుంటే ఆ కోత ఇటీవలిదే. తాటిచెట్లు సముద్రం వైపు పడి ఉన్నాయా? పాత బావి వరలు ఇసుకలో స్తంభంలా నిలబడి ఉన్నాయా? బావిని ఎవరూ అలల్లో తవ్వరు కదా. అది ఒకప్పుడు ఊళ్లో ఉన్న బావి. ఒడ్డు మీద నల్ల ఇసుక మందంగా పరుచుకుని ఉంటే, తేలిక ఇసుకను అలలు లాక్కెళ్లి బరువు ఖనిజాన్ని వదిలేశాయన్న సూచన. రోడ్డు చివర విరిగి ఉందా, కరెంటు స్తంభాలు లోపలికి మార్చిన గుర్తులున్నాయా అన్నవి కూడా చూడండి.

పాళెంలో పెద్దవాళ్లతో మాట్లాడండి. ‘‘ఇక్కడ కోత ఉందా అన్నా?’’ అని అడిగితే మర్యాదకు లేదంటారు. ‘‘ఇరవై ఏళ్ల కింద పడవలు ఎక్కడ ఎక్కించేవాళ్లు? 2004 సునామీకి నీళ్లు ఎందాకా వచ్చాయి? గుడి ఎన్నిసార్లు వెనక్కి కట్టారు?’’ అని అడగండి. జవాబు మీటర్లలో వస్తుంది.

పక్కింటివాళ్లు రాళ్లు పోసుకుని కట్ట కట్టుకున్నారంటే భరోసా అనుకోకండి. గట్టి గోడకు తగిలిన అల దాని ముందు ఇసుకను తవ్వేస్తుంది, గోడ ముగిసిన చోట పక్క స్థలాన్ని మరింత కోస్తుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ప్రభుత్వం వేసిన జియోట్యూబు (ఇసుక నింపిన భారీ గొట్టపు సంచుల) గోడకే దెబ్బ తప్పలేదు. పైగా సొంత ఖర్చుతో రాళ్లు పోయాలన్నా తీర నియంత్రణ అనుమతి కావాలి.

ఇల్లు సముద్రానికి దూరమే గానీ బకింగ్‌హామ్ కాలువకో, దొరువుకో దగ్గరైతే అటు నుంచి కూడా చూడాలి. పోటు ఎక్కే కాలువ గట్టు కూడా కోసుకుపోతుంది. తుపాను రోజుల్లో ఊరికి ముందు నీళ్లొచ్చేది తరచు అటు నుంచే.

మూడో అడుగు: సీఆర్‌జెడ్

సీఆర్‌జెడ్ అంటే తీర నియంత్రణ మండలం. ఇప్పుడు చూడాల్సిన నోటిఫికేషన్లు రెండు: 2011 జనవరి 6ది, 2019 జనవరి 18ది. 2019 నిబంధనలు, వాటి ప్రకారం తీర ప్రణాళిక మ్యాపులు ఆమోదమైన చోటే అమల్లోకి వస్తాయి. అందాకా 2011వే వర్తిస్తాయి. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది మీ ఊరికి ఏ మ్యాపు అమల్లో ఉందన్నది.

రెండింటిలోనూ పెద్ద పోటు గీత నుంచి 500 మీటర్లు నియంత్రణలోనే ఉంటాయి. 2011 ప్రకారం గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లు నిర్మాణ నిషిద్ధం. 200 నుంచి 500 మీటర్ల మధ్య ఇళ్లు సంప్రదాయ హక్కులున్న ఊళ్ల పరిధిలోనే కట్టాలి. అదీ 9 మీటర్ల ఎత్తు, కింద ఒకటి పైన ఒకటి, రెండంతస్తులకు మించకూడదు. 2019లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన గ్రామీణ ప్రాంతాలకు నిషిద్ధ పట్టీని 50 మీటర్లకు తగ్గించారు. మిగతా చోట్ల 200 అలాగే ఉంది. మన వైపు పాళేలు ఒత్తుగా ఉన్నట్టు కనిపించినా సాంద్రత లెక్క ఇళ్ల మధ్య ఖాళీ భూమిని కూడా కలుపుకుంటుంది. ‘ఇప్పుడు 50 మీటర్లే సార్’ అన్న మాటకు కాగితం అడగండి. పోటు ఎక్కే కాలువలు, దొరువుల వెంబడి 2011 ప్రకారం 100 మీటర్లు, 2019 ప్రకారం 50 మీటర్లు, లేదా ఆ కాలువ వెడల్పు, వీటిలో ఏది తక్కువైతే అది. పులికాట్ పక్షి సంరక్షణ కేంద్రం హద్దు దగ్గరైతే అటవీ శాఖ వన్యప్రాణి విభాగంలో కూడా అడగాలి.

మధ్యవర్తి ఫోన్‌లో చూపే రంగుల మ్యాపు పనికిరాదు. సర్వే నంబరును సీఆర్‌జెడ్ మ్యాపు మీద 1:4000 స్కేలులో పరిచి, పోటు గీత నుంచి దూరం రాసిచ్చిన పటం కావాలి. దాన్ని కేంద్రం గుర్తించిన సంస్థలే తయారుచేయాలి. చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం, అన్నా విశ్వవిద్యాలయం అలాంటివి. ఆ ఖర్చు భరించడం ఇష్టం లేని అమ్మకందారు ఏదో దాస్తున్నాడనుకోనక్కర్లేదు, ఖర్చు మీరే పెట్టుకోండి. పటమే వద్దంటే మాత్రం అక్కడితో ఆపేయండి.

నిషిద్ధ పట్టీలో పాత ఇల్లుంటే దాన్ని బాగుచేసుకోవచ్చు, తిరిగి కట్టుకోవచ్చు. కానీ ఆ ఇల్లు అప్పట్లో అనుమతితో కట్టిందై ఉండాలి, ఉన్న పునాది వైశాల్యం పెరగకూడదు. పంచాయతీకి ఇంటిపన్ను కట్టిన రసీదు అనుమతి కాదు. కొచ్చి మరడు అపార్టుమెంట్లకు పన్ను రసీదులూ కరెంటు కనెక్షన్లూ అన్నీ ఉన్నాయి. సుప్రీంకోర్టు 2019 మే 8న కూల్చమంది, 2020 జనవరిలో కూల్చేశారు.

నాలుగో అడుగు: హక్కు కాగితాలు

ముందు కొలత సంగతి. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు లెక్కలో 72. వాకాడు వైపు ఇంకా నెల్లూరు అంకణమే నడుస్తుంది. తిరుపతి మధ్యవర్తి, వాకాడు రైతు ఒకే మాట వాడి రెండు వేర్వేరు స్థలాల గురించి బేరం చేసుకోవడం మామూలే. అగ్రిమెంటులో చదరపు గజాలూ మీటర్లూ రాయించండి, అంకణం మాటే వద్దు.

ప్రభుత్వ భూ రికార్డుల సైటు మీభూమిలో, భూమి ఎవరి పేర, ఎవరి అనుభవంలో ఉందో చూపే అడంగల్, వన్‌-బి తీయండి. రీసర్వే జరిగిన ఊరైతే పాత సర్వే నంబరుకు బదులు కొత్తగా ఇచ్చిన ఎల్‌పీఎం నంబరు కూడా. తర్వాత, గత 30 ఏళ్ల లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ల శాఖ 22-ఏ నిషేధిత జాబితా. తీరంలో చాలా భూమి పోరంబోకు (ప్రభుత్వ భూమి), లేదా డీకేటీ పట్టా (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి). డీకేటీ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది, తర్వాత సవరణలు వచ్చాయి. ‘ఫ్రీహోల్డ్ అయిపోయింది’, అంటే అమ్మకంపై ఆంక్ష పోయింది అని చెబితే నమ్మేయకుండా, రిజిస్ట్రేషన్‌కు వెళ్లే వారంలోనే 22-ఏ జాబితా మళ్లీ చూడండి. లేఅవుట్ 500 చదరపు మీటర్లు దాటితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది మండల సర్వేయరుతో హద్దులు కొలిపించడం. ఎఫ్‌ఎంబీ పటంలో, అంటే సర్వే కొలతల పుస్తకంలో, 20 సెంట్లుండొచ్చు. నేల మీద 13 సెంట్లే మిగిలి, మిగతా ఏడు సెంట్ల మీద పడవలు తిరుగుతుండొచ్చు. కాగితం మీది విస్తీర్ణానికి కాదు, కొలిచిన రోజు పొడిగా ఉన్న నేలకు డబ్బివ్వండి.

ఐదో అడుగు: ఇంటి ఆరోగ్యం

ఉప్పుగాలి కమ్మీలను తింటుంది. కాంక్రీటు నిర్మాణ ప్రమాణం ఐఎస్ 456 తీర వాతావరణానికి ఎం30 కాంక్రీటు, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కవరు (కాంక్రీటు పొర) అడుగుతుంది. సముద్రపు తుంపర నేరుగా పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. మామూలు మేస్త్రి ఇచ్చే కవరు తరచు అందులో సగమే. దూలాల అడుగున, సన్‌షేడ్ల కింద కమ్మీ వెంబడే పొడవునా పోయే పగుళ్లు, తుప్పు మరకలు చూడండి. చిన్న సుత్తితో తట్టండి, బోలు శబ్దం వస్తే లోపల తుప్పు ఉబ్బి కాంక్రీటును విడదీసింది. కొత్తగా రంగు వేసిన స్లాబు అడుగును రెండుసార్లు తట్టండి.

బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మోతాదు) చూడండి. తాగేనీటికి లీటరుకు 500 మిల్లీగ్రాములు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా సరే. వేసవి చివర్లో కొలవాలి, వాన తర్వాత కొలిస్తే అన్ని బోర్లూ తియ్యగానే ఉంటాయి.

ఆరో అడుగు: బీమా, అప్పు

2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద, సునామీ ఉన్నాయి. నేల కుంగడం కూడా ఉంది. కానీ ఆ నేల కుంగుబాటు కిందే మినహాయింపుల్లో ‘తీరపు కోత, నది కోత’ అని స్పష్టంగా రాసి ఉంటుంది. తుపాను గాలికి పైకప్పు ఎగిరితే క్లెయిము వస్తుంది. నాలుగేళ్లుగా కోసుకుపోయిన నేల మీద గోడ కూలితే రాదు. రెండూ ఒకే రాత్రి జరిగితే గొడవే. అందుకని ప్రతి అక్టోబరుకు ముందు ఇంటి చుట్టూ, ఒడ్డు దాకా తేదీ పడేలా ఫోటోలు తీసి ఉంచుకోండి. భూమి విలువకు ఏ పాలసీలోనూ బీమా ఉండదు. ఇక ప్రభుత్వ సాయం సంగతి. 2022-26 విపత్తు నిధి నిబంధనల్లో ప్రకృతి విపత్తుకు పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు. అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

సొంత డబ్బుతో కొంటున్నా బ్యాంకులో అప్పుకు దరఖాస్తు పెట్టి చూడండి. వాళ్ల లాయరు, ఇంజినీరు కాదంటే, రేపు మీ దగ్గర కొనేవాడికీ అప్పు పుట్టదు.

ఏడో అడుగు: ధర, అగ్రిమెంటు

మిగిలిన ఏళ్లను ముందుగా కట్టే అద్దె అనుకోండి. పై ఉదాహరణలో పన్నెండున్నర ఏళ్లు వచ్చింది. అలాంటి ఇంటికి నెలకు పది వేలు అద్దె అనుకుంటే ఏడాదికి 1.2 లక్షలు, మొత్తం 15 లక్షలు. వడ్డీ లెక్క కూడా వేస్తే ఇంకా తగ్గుతుంది. దాని పైన అడిగే ప్రతి రూపాయీ పేరుకు భూమి ధర, ఆ భూమి ఉండదు. దీనికి రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం కలుపుకోవాలి: స్టాంపు 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 1.

అడ్వాన్సు తక్కువ ఇవ్వండి. అగ్రిమెంటులో మూడు షరతులు రాయించండి: సీఆర్‌జెడ్ పటంలో నిషిద్ధ పట్టీ అని తేలితే అడ్వాన్సు వాపసు, రిజిస్ట్రేషన్ రోజుకు 22-ఏలో ఉంటే వాపసు, గోడ నుంచి మొక్కల గీత దాకా దూరం ఇద్దరూ కలిసి కొలిచి తేదీతో రాసుకోవాలి, రిజిస్ట్రేషన్‌లోపు అది 5 మీటర్లకు మించి తగ్గితే కొనేవాడికి తప్పుకునే హక్కు. తుపాను కాలానికి అటూ ఇటూ జరిగే బేరాల్లో ఈ మూడోది తప్పనిసరి.

అమ్మేవాళ్లకు

1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, మీకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపాన్ని చెప్పడం అమ్మేవాడి బాధ్యత. చెప్పకపోతే మోసం కిందికి వస్తుంది. సముద్రం కళ్లముందే ఉంది కదా, కొనేవాడు చూసుకోవాలి అని వాదించొచ్చు. కానీ రెండేళ్ల కింద ప్రహరీ కొట్టుకుపోతే మళ్లీ కట్టించి రంగు వేశారు చూడండి, అది చూస్తే తెలిసేది కాదు. అధికారుల నోటీసు, కొట్టేసిన బీమా క్లెయిము, ఉప్పెక్కి మూసేసిన బోరు కూడా అంతే.

అందుకే ఒక పేజీ వివరణ పత్రం తయారుచేయండి. ఒడ్డు దూరం ఏ ఏడాది ఎంత, ఎప్పుడెప్పుడు నీళ్లొచ్చాయి, ఏం మరమ్మతు చేశారు, ఏ నోటీసులు వచ్చాయి, బీమా సంగతి ఏమిటి. దానితో పాటు సర్వేయరు కొలత, సీఆర్‌జెడ్ పటం, కట్టినప్పటి అనుమతి పెట్టండి. కొనేవాడితో ప్రతి పేజీ మీదా సంతకం తీసుకుని, దాన్ని సేల్ డీడులో జతపరిచిన పత్రంగా చూపండి. ధర కొంత తగ్గుతుంది, నిజమే. కోర్టు నోటీసు వచ్చిన రోజు మీ చేతిలో ఉండే కాగితం మాత్రం ఇదొక్కటే.

అమ్మే సమయం కూడా ఆలోచించండి. లెక్కలో పదిహేనేళ్ల పైన ఉన్నప్పుడు కొనేవాడికి అప్పు దొరికే అవకాశం ఉంటుంది. పదికి దిగితే నగదు పెట్టే వాళ్లే మిగులుతారు, వాళ్లు అడిగే ధర సగానికి పడుతుంది. ఐదుకు దిగితే అమ్మే ఆలోచన మానుకుని తలుపులు, కిటికీలు, కలప, మోటారు, పెంకులు విప్పి విడిగా అమ్ముకుంటేనే ఎక్కువ వస్తుంది. ఆ పని అక్టోబరుకు ముందే ముగించి, కరెంటు సర్వీసు రద్దుకు దరఖాస్తు పెట్టి, మీటరు రీడింగు ఫోటో తీసి ఉంచుకోండి.